మే నెల చిత్రం

6 ఆగస్టు 2022, శనివారం

చిన్నమ్మ నాకోసం పుంటికూర పప్పు చేసింది. సగం తిని చెయ్యి కడుక్కున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

పంచాయతీ గోడ మీద కాగితం చూశాక ముద్ద దిగలేదు. మా చెన్నాయిగూడకు దక్షిణాన నాలుగు వందల ఎకరాల్లో ఫ్యాక్టరీలు వస్తాయట. ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనంలో ఆ నేల పర్యావరణ నాణ్యత 'అత్యల్పం' అని తేలిందట. చాలా భాగం సాగు లేని పడావు భూమేనట. అభ్యంతరాలు ఉన్నవాళ్లు సెప్టెంబరు పద్నాలుగున బడి ఆవరణలో జరిగే సభకు వచ్చి చెప్పుకోవచ్చట.

ఆ నాలుగు వందల ఎకరాల్లో మా గోపమ్మ చిన్నమ్మ మూడెకరాలు ఉన్నాయి. భూమి లేని వాళ్లకని మా అవ్వ కాలంలో సర్కారు ఇచ్చిన మూడెకరాలు. అమ్మ చనిపోయి, బాపు బొంబాయి పనికి పోయి తిరిగి రాకపోతే, చిన్నమ్మ నన్ను ఆ మూడెకరాల మీదే పెంచింది. తన బిడ్డ పుష్పను పదో తరగతితో ఆపేసి నన్ను యూనివర్సిటీ దాకా చదివించింది.

ఆ అధ్యయనం మా ఆఫీసుది. ఆ మ్యాపు నేను చేసింది. నేను చేసినప్పుడు అక్కడ ఆకుపచ్చ రంగు ఉంది. ఇప్పుడు ఎర్రగా ఉంది.

ఎవరి పనో నాకు తెలుసు. కమలాకర్ సార్.

7 ఆగస్టు

ఆయనకు తెలియక చేసి ఉంటే ఇంత మంట ఉండేది కాదు.

2019లో నేను ఆఫీసులో చేరిన మొదటి వారం. షాద్‌నగర్ చుట్టుపక్కల చిత్రం తెర మీద తెరిచి ఉంది. సార్ నా కుర్చీ వెనక నిలబడి, మీ ఊరు ఏది అని అడిగాడు. చూపించాను. మీ పొలం ఏది అన్నాడు. మాకు పొలం లేదు, చిన్నమ్మది ఉంది అని అదీ చూపించాను. ఉపగ్రహం ఆ మూడెకరాలను పదమూడు గడులుగా చూస్తుంది. సార్ ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి, "మీ చిన్నమ్మ రాజ్యం పదమూడు గడులు" అని నవ్వాడు. తర్వాత ఎప్పుడు ఆ చిత్రం తెరిచినా, రాజ్యం ఎట్లుంది అని అడిగేవాడు.

అంటే ఆయన అక్కడ ఎర్ర రంగు పూసేటప్పుడు ఎవరి మీద పూస్తున్నాడో ఎరిగే పూశాడు.

ఆయన నాకు యూనివర్సిటీలో పాఠం చెప్పిన గురువు. నార్కట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. బోరు ఎండితే ఇల్లు ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి.

వదలను.

9 ఆగస్టు

ఈరోజు ఆయన నా టేబుల్ దగ్గర ఆగి, నీరసంగా ఉన్నావేమిటి అని అడిగాడు. నవ్వాను.

12 ఆగస్టు

భోజనం వేళ అందరూ కిందికి వెళ్లాక రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూశాను.

మా పని పైకి చెప్పుకుంటే చాలా పెద్దగా ఉంటుంది. అసలు సంగతి ఇంతే. ఒక జాగాలో పచ్చదనం ఎంత, తేమ ఎంత, నేల ఎంత పొడిగా ఉంది, ఎంత వేడిగా ఉంది. ఆ నాలుగూ కలిపి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె తీస్తాం. హైదరాబాదు ఇటువైపు పాకుతున్న కొద్దీ ఏ ఊళ్లో ఆ అంకె ఎంత పడిపోయిందో ఇరవై ఏళ్ల చిత్రాలు చెబుతాయి.

కానీ చిత్రం ఏ నెలలో తీసిందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. మాది వానల మీద బతికే నేల. నవంబరులో మా చేలల్లో కంది నడుము దాకా లేచి ఉంటుంది, పత్తి తెల్లగా పగులుతుంటుంది. మేలో గడ్డిపోచ ఉండదు. చిన్నమ్మ చేను నవంబరు చిత్రంలో 0.58. మే చిత్రంలో 0.17. రెండూ నిజమైన చిత్రాలే. బాలింతను పురిటి మంచం మీద ఫొటో తీసి ఈమెకు నడక రాదని రాసినట్టు ఉంది ఆ మే చిత్రం.

నేను పెట్టింది నవంబరు. రిపోర్టులో ఉన్నది మే.

ఆ మనిషిని ఏం చేసినా పాపం లేదు.

15 ఆగస్టు

ఊరికి వెళ్లి పుష్పకు అన్నీ చెప్పాను. పుష్ప షాద్‌నగర్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. మొదట అది అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. కంపెనీ ఊళ్లోకే వస్తే మంచిదే కదా, రెండు బస్సులు మారే బాధ తప్పుతుందంది. చేను పోతుందని చెప్పాక నా వైపు తిరిగింది.

"గిదంత నీ ఆఫీసుల్నే అయింది గద అక్కా. నీకు ముందుగాల తెల్వలేదా?"

తెలియదని చెప్పాను. ఆయన నాకు చెప్పకుండా మార్చాడని చెప్పాను.

చిన్నమ్మకు ఇప్పుడే చెప్పొద్దన్నాను.

19 ఆగస్టు

పేపరు వాళ్లకు ఇద్దామా అనుకున్నాను. లోపలి పేజీలో రెండు అంగుళాల వార్త వస్తుంది, మర్నాడు ఎవరికీ గుర్తుండదు. ఉత్తరం రాద్దామా అనుకున్నాను. ఫైల్లో పడి ఉంటుంది.

నాకు కావలసింది వేరు. ఆయన మా ఊరి మట్టి మీద నిలబడాలి. మా వాళ్లు అడగాలి. ఆయన దగ్గర జవాబు ఉండకూడదు. నేను ముందు వరసలో కూర్చుని చూడాలి.

23 ఆగస్టు

చాలా తేలికగా జరిగిపోయింది. సభకు మా ఆఫీసు తరఫున చిన్న ఇంజనీరును పంపిద్దామని అనుకుంటున్నారట. నేను సార్ గదిలోకి వెళ్లి, మా వాళ్లు మొండివాళ్లు, చిన్నవాళ్లు చెబితే వినరు, మీరే వచ్చి నాలుగు ముక్కలు చెబితే నమ్ముతారని అన్నాను. మీది కూడా పల్లెటూరే కాబట్టి మీ మాట ఎక్కుతుందని అన్నాను.

ఆయన సంతోషపడ్డాడు. టీ తెప్పించాడు. అల్లం ఎక్కువ వేయించాడు, నాకు ఇష్టమని.

తాగాను.

25 ఆగస్టు

సాక్ష్యం కోసం పాత మెయిళ్లు వెతికాను. ఫిబ్రవరి పదకొండున ఆయన రాసింది దొరికింది. "చెన్నాయిగూడకు నవంబరు చిత్రాలు తీసేసి మే పెట్టాలి. క్లయింటు కోరిక. దీని మీద చర్చ వద్దు."

క్లయింటంటే ఆ ఫ్యాక్టరీలు తెచ్చేవాళ్లు. ఇంతకన్నా ఏం కావాలి. దొరికిపోయాడు.

మెయిలు నాకే వచ్చింది. ఆ వారం నాకు జ్వరం. చదివి ఉండను.

28 ఆగస్టు

పుష్పకు సభలో అడగవలసిన ప్రశ్నలు నేర్పాను. మొదటిది, ఏ నెల ఫొటో సార్? రెండోది, నవంబరు ఫొటో ఎందుకు తీసేశారు? మూడోది, తీసెయ్యమని ఎవరు చెప్పారు? మూడోది అడిగేటప్పుడు ఆయన మెయిలు కాగితం పైకెత్తి చూపించాలి.

పుష్పకు ఒక్కసారి చెబితే పట్టుకుంది. చదువు ఆగకపోయి ఉంటే ఇది నాకన్నా దూరం వెళ్లేది.

3 సెప్టెంబరు

ఆ వారం నాకు జ్వరం లేదు. హాజరు పట్టీ చూశాను. ఒక్క రోజు కూడా మానలేదు.

4 సెప్టెంబరు

ఒకవేళ చదివినా, పెద్దాయన చెప్పాక చేసేదేముంటుంది?

10 సెప్టెంబరు

పుష్పకు ఇవ్వడానికి మెయిలు ప్రింటు తీశాను. ఆయన మాటల కింద నా జవాబు కూడా వచ్చింది. కత్తెరతో కింది భాగం కత్తిరించాను.

ఇక్కడైనా రాయాలి. ఇది ఎవరూ చూడరు.

నా జవాబు "ఓకే సార్, సాయంత్రానికి అయిపోతుంది." సాయంత్రం దాకా కూడా పట్టలేదు. చిత్రాలు మార్చింది నా చేతులే. పదమూడు గడులు ఎర్రబడటం నేను చూశాను. కాఫీకి వెళ్లి వచ్చి కూర్చుని మళ్లీ చూశాను. మార్చి నెలలో నన్ను టీమ్ లీడ్ చేశారు. రిపోర్టు అట్ట మీద నా పేరు ముందు, ఆయన పేరు తర్వాత వేశారు. ఆ అట్ట ఫొటో తీసి చిన్నమ్మకు చూపిస్తే, నా పేరు మీద వేలు పెట్టి తడిమింది.

అది వట్టి లెక్కే, ఊళ్లో నిజంగా ఏదీ కాదు అనుకున్నాను. అనుకున్నానా?

చేయించింది ఆయన. వద్దంటే నా ఉద్యోగం తీసేవాడు. అసలు దోషి ఆయనే. అది మారదు.

14 సెప్టెంబరు, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడి ఆవరణలో షామియానా వేశారు. బల్ల వెనక అధికారులు ముగ్గురు, పక్కన కమలాకర్ సార్. మూడు వందల మంది దాకా వచ్చారు. చిన్నమ్మ ఆడవాళ్ల వరసలో ముందే కూర్చుంది. నేను ఆమె వెనక.

సార్ బాగా మాట్లాడాడు. తాను కూడా రైతు బిడ్డనన్నాడు. తెర మీద మ్యాపు వేసి, ఎరుపు ఉన్నచోట నేలలో ప్రాణం లేదని, ఫ్యాక్టరీలు వస్తే చుట్టూ చెట్లు పెంచుతారని, అప్పుడు ఆ అంకె పెరుగుతుందని చెప్పాడు.

పుష్ప లేచింది. ఏ నెల ఫొటో అని అడిగింది. మే అన్నాడు సార్. ఆ మాటకే జనం గొణిగారు. గుర్వయ్య తాత, ఊళ్లో అందరికన్నా వయసులో పెద్ద రైతుకూలీ, కూర్చున్నచోటి నుంచే అన్నాడు, "మే నెలల మా తలకాయ మీద గూడ ఏం మొలవది సారూ." నవ్వులు. సార్ కూడా నవ్వాడు. మబ్బులు లేని చిత్రం ఎండాకాలంలోనే దొరుకుతుందని చెప్పాడు. నవంబరులో కూడా మబ్బులు ఉండవు కదా అని పుష్ప అడిగింది. తర్వాత కాగితం పైకెత్తింది.

నేను ఇన్ని రోజులు ఎదురుచూసిన ఘడియ అది. సార్ ఆ కాగితాన్ని చూశాడు. తర్వాత జనం మధ్యలో వెతికి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అంతా అర్థమైందని ఆయన ముఖంలో తెలిసింది. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాడు.

కానీ ఆయన నాకన్నా అనుభవం ఉన్నవాడు. మైకు దగ్గరికి జరుపుకుని, మెల్లగా, ఈ మ్యాపు తాను చేసింది కాదని, మీ ఊరి ఆడబిడ్డే చేసిందని చెప్పాడు. రిపోర్టు పైకెత్తి అట్ట చూపించాడు. "మొదటి పేరు చదువుకోండి. మంజులత. అక్కడే ఉంది. నన్నెందుకు, ఆమెనే అడగండి."

మూడు వందల తలలు తిరిగాయి. అన్నిటికన్నా చివర చిన్నమ్మ తల తిరిగింది.

"గీ కాయిదం మీద నీ పేరెందుకున్నది బిడ్డా?"

అరవలేదు. ఇంట్లో, కుండలో నీళ్లు ఎందుకు లేవు అని అడిగినట్టు అడిగింది.

తెలియదని చెప్పొచ్చు. ఆయన నా పేరు వాడుకున్నాడని చెప్పొచ్చు. పుష్ప చేతిలో ఉన్నది కత్తిరించిన ముక్క. కానీ కింది సగం లేకపోతే అది ఎవరికి రాసిందో, పని జరిగిందో లేదో తేలదని నాకప్పుడు తట్టింది. ఆయన బయటపడిపోతాడు. ఆయన పూర్తిగా మునగాలంటే నా జవాబు కావాలి.

లేచి మైకు దగ్గరికి వెళ్లాను. ఫోను తెరిచి మెయిలు మొత్తం చదివాను. ఆయన మాటలు, తేదీ. నా మాటలు, తేదీ. పుష్పకు ఇచ్చిన కాగితం కింద నేనే కత్తిరించానని కూడా చెప్పాను. నా దగ్గర నవంబరు మ్యాపు ఉందని చెప్పి, అది అధికారి బల్ల మీద పెట్టాను. పెద్ద అధికారి రెండు మెయిళ్లూ రాతలో ఎక్కించమన్నాడు.

బయటికి వస్తుంటే ఎవరో నా ధైర్యం మెచ్చుకున్నారు. ధైర్యం కాదు. కమలాకర్ నా పేరు ఎత్తకపోయి ఉంటే నేను నోరు విప్పేదాన్ని కాదు. నన్ను కూడా కాల్చుకుంటే తప్ప ఆయన కాలడు కాబట్టి కాల్చుకున్నాను.

చిన్నమ్మ నాకన్నా ముందే ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంది.

15 సెప్టెంబరు

ఆఫీసు తలుపు తెరిచే కార్డు పనిచేయలేదు.

22 సెప్టెంబరు

ఉద్యోగం నుంచి తీసేసినట్టు ఉత్తరం వచ్చింది. ఆయనను కూడా తీసేశారట. ఉత్తరం మడిచి పెట్టి, ఆ రెండో మాటనే మళ్లీ మళ్లీ అనుకున్నాను.

9 అక్టోబరు

పుష్ప షిఫ్టు అయిపోయాక షాద్‌నగర్‌లో నా అద్దెగదికి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. వానాకాలం పోయాక అధ్యయనం మళ్లీ చేయాలని, మూడు కాలాల చిత్రాలూ చూడాలని ఆర్డరు వచ్చిందని చెప్పింది. నాకు తెలుసన్నాను.

"కత్తిరించిన కాయిదం నా చేతికిచ్చి నిలబెట్టినవ్ అక్కా. అమ్మ సంగతి ఇడిసిపెట్టు. నేనేం చేసిన నీకు?"

ఎదురుగా బస్సు ఆగితే వెళ్లి ఎక్కింది.

20 నవంబరు

షాద్‌నగర్‌లో ట్యూషన్లు చెబుతున్నాను. ఎనిమిదో తరగతి లెక్కలు. కొత్త అధ్యయనానికి వేరే సంస్థ వాళ్లు చెన్నాయిగూడ చేలల్లో తిరుగుతున్నారట. ఊళ్లోకి పోవాలని బస్టాండు దాకా వెళ్లి తిరిగి వచ్చాను.

11 డిసెంబరు

కమలాకర్ సార్ వచ్చాడు. బస్టాండు ఎదురుగా టీ హోటల్లో కలవమని ఫోను చేశాడు. వెళ్లాను. ఎట్లా ఉన్నాడో చూడాలనిపించింది.

గడ్డం నెరిసింది. ఏ సంస్థా పనికి పిలవడం లేదట. ఒక్క కాగితం రాసి ఇవ్వమన్నాడు. క్లయింటు ఒత్తిడి ఉందని, నిర్ణయం ఇద్దరం కలిసి తీసుకున్నామని. ఇద్దరికీ మంచిదన్నాడు.

మైకులో నా పేరు చెప్పినప్పుడు ఇద్దరం అని ఎందుకు గుర్తురాలేదని అడిగాను.

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపాడు. "తప్పయింది మంజులతా. నీకు చదువు చెప్పిన మనిషిని. క్షమించు."

"చదువు చెప్పినోళ్లు గనుకనే క్షమించను సార్."

కాగితం రాయలేదు. ఆయన తల వంచుకుని కూర్చుంటే లేచి వచ్చేశాను. ఎదుటివాళ్లను ఏడిపించినందుకు తర్వాత బాధ కలుగుతుందని అంటారు. నాకు కలగలేదు. రోడ్డు దాటుతుంటే చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. మిర్చి బజ్జీలు తిన్నాను.

21 జనవరి 2023

కొత్త రిపోర్టు వచ్చింది. చెన్నాయిగూడ 'మధ్యస్థం'. ఫ్యాక్టరీల హద్దు జరిపారు. చిన్నమ్మ చేను బయట పడింది. హద్దు జరిగింది పక్క ఊరి పశువులు మేసే కంచె మీదికి. అక్కడ సభ పెట్టినప్పుడు ఎవరు లేస్తారో తెలియదు.

29 జనవరి

ఈరోజు చేనుకు వెళ్లాను. ముందు చెప్పలేదు.

చిన్నమ్మ కళ్లంలో ఒక్కతే కంది కొడుతోంది. నన్ను చూసి ఆగలేదు. ఇంకో కట్టె ఉంటే తీసుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆమె వద్దనలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం కొట్టాం. కందికాయలు పగిలే చప్పుడు, పొట్టు.

ఎండ నెత్తి మీదికి వచ్చాక ఆమె వేపచెట్టు నీడలో కూర్చుని సద్ది విప్పింది. నాకు కూడా పెట్టింది. పెట్టిందన్న ధైర్యంతో నోరు విప్పాను. తప్పు చేశానని, కావాలనే చేశానని, కొలువు కోసం చేశానని చెప్పాను. నన్ను క్షమించమన్నాను. ఆమె నమిలి మింగి, అప్పుడు అడిగింది.

"గా సారు నీ దగ్గరికి వచ్చిండంట గద. పుష్ప బస్టాండ్ల చూసి చెప్పింది."

"వచ్చిండు."

"కాళ్లబేరానికి వచ్చిండంట."

"అవ్ చిన్నమ్మా."

"మరి ఇడిసిపెట్టినవా?"

"లేదు."

"ఎందుకు ఇడిసిపెట్టలే?"

నోటికొచ్చింది అన్నాను. "నేను నమ్మిన మనిషి చిన్నమ్మా. ఎవలో ముఖం తెల్వనోడు చేస్తే ఇడిసిపెడుదును. నా జాగా తెలిసి, నన్ను తెలిసి చేసిండు. ఎట్ల ఇడిసిపెట్టాలె?"

చిన్నమ్మ నా కంచంలోని నీళ్లు నేల మీద ఒంపి, దాన్ని తన కంచం మీద బోర్లించింది.

"నేను గూడ గదే అంటున్న బిడ్డా" అంది.

కొంగు నడుముకు చెక్కుకుని, కట్టె తీసుకుని కళ్లంలోకి నడిచింది.

30 జనవరి

భుజాలు పట్టేశాయి. ట్యూషన్ పిల్లలను సాయంత్రం రమ్మన్నాను. ఏడింటి బస్సుకు వెళ్తున్నాను. కంది ఇంకా సగం మిగిలి ఉంది.